తాలు ఏరే ఆదివారం

మా వైపు మిరపకాయల్ని ఏసీలో పెడతారు. బయటి ఊళ్ళవాళ్ళకి ఈ మాట చెబితే ముందు నవ్వుతారు, తర్వాత నిజమా అని అడుగుతారు. నిజమే. గుంటూరు దాటి ఏ రోడ్డెక్కినా పత్తి చేల మధ్య కిటికీల్లేని ఎత్తైన గోడలు కనిపిస్తాయి. అవి కోల్డ్ స్టోరేజీలు. మావాళ్ళ నోట ఏసీలు. వేసవిలో రోడ్డు మీద మనుషులు మాడిపోతుంటే, ఆ గోడల వెనక చీకట్లో మిరపకాయలు మాత్రం చలిలో హాయిగా నిద్రపోతుంటాయి. అలాంటి ఒక ఏసీలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. చేరి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ గది తలుపు తెరిచినప్పుడు తెల్లటి పొగమంచు కాళ్ళ మీదుగా బయటికి పాకుతుంటే, ఎవరి కలలోకో చెప్పా పెట్టకుండా వచ్చేశాననిపిస్తుంది.

ఎండుమిరప బస్తాని మేం టిక్కీ అంటాం. ఎవరి టిక్కీ ఏ గదిలో, ఏ అంతస్తులో, ఏ వరసలో ఉందో ఒకప్పుడు మేస్త్రి బుర్రలో ఉండేది. ఆయన మానేశాక ఆ బుర్ర పని సర్వర్ చేస్తోంది. రైతు దగ్గరుండే రసీదు మీద లాట్ నంబరు మాత్రమే ఉంటుంది. కొత్త సరుకు వచ్చేకొద్దీ పాతదాన్ని గది మారుస్తూనే ఉంటారు కాబట్టి, చోటు సంగతి సర్వర్ చెప్పాల్సిందే. అది నోరు మూసుకుందంటే ఒక్క టిక్కీ కోసం గుట్టలు గుట్టలు తవ్వుకోవాలి.

ఆ సర్వర్‌కి వారానికోసారి చేసే మరమ్మతు ఒకటుంది. డేటాబేస్‌లో మనం చెరిపేసిన వరసలు వెంటనే పోవు, తెల్లబడి అక్కడే పడి ఉంటాయి. వాటిని తీసిపారేసి, మిగిలినవాటిని సర్ది, అంతా ఒక నకలు తీసి దాచాలి. ఆ నకలునే బ్యాకప్ అంటారు. ఈ పనికి నేను పెట్టుకున్న పేరు తాలు ఏరడం. కల్లంలో ఆడవాళ్ళు బారుగా కూర్చుని, మూతికి గుడ్డ కట్టుకుని, ఎర్రకాయల్లోంచి రంగుపోయిన తాలుకాయల్ని ఏరేస్తారు చూడండి, అదీ ఇదీ ఒకటే. మిర్చి యార్డుకి సెలవు కాబట్టి ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, ఇంట్లో ఉయ్యాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏరేదాన్ని. తెర మీద అంకెలు మెల్లగా పైకి జరుగుతుండేవి. వీధిలో ఎవరో పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ పోయేవాళ్ళు. సగం నిద్ర, సగం ఉద్యోగం. నా వారం మొత్తానికి అంత సుఖమైన గంటలు వేరే లేవు.

ఆ సుఖానికే ఎసరొచ్చింది. జ్యేష్ఠం వెళ్ళే రోజుల్లో ఒక ఆదివారం, పని సగంలో ఉండగా తెర చచ్చిపోయింది. కాసేపటికి సర్వర్ దానంతటదే లేచింది, ఏమీ ఎరగనట్టు. సోమవారం చూస్తే బంగారంలా పనిచేస్తోంది. పై ఆదివారం మళ్ళీ అంతే. ఆ పై ఆదివారమూ అంతే. హైదరాబాదు నుంచి ఫోన్లో మాట్లాడే కంపెనీ అబ్బాయి, "మీ ఇండెక్సుల్లో తేడా ఉంది మేడం," అన్నాడు. ఇండెక్సులన్నీ కొత్తగా కట్టాను. "అయితే ర్యామ్ అయ్యుంటది మేడం," అన్నాడు. ర్యామ్ మార్పించాను. "ఒకవేళ కరెంటేమో," అన్నాడు. ఎలక్ట్రీషియన్ని పిలిపించి యూపీఎస్ విప్పించాను. అన్నీ బాగానే ఉన్నాయి. పంతం కొద్దీ ఒక బుధవారం ఆఫీసులోనే కూర్చుని అదే పని చేస్తే వెన్నలా సాగిపోయింది. ఆదివారం ఇంటి నుంచి చేస్తే మాత్రం ప్రాణం తీసింది. దీని మొహం మండ, ఆదివారంతో దీనికేం పగ అని తిట్టుకున్నాను.

మా మేనేజరు గారు నింపాదిగా, "దిష్టమ్మా దిష్టి," అని సర్వర్ గది గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించారు.

"లోపల లక్షల కొద్దీ మిరపకాయలున్నాయి కదండీ, మళ్ళీ ఇదెందుకు?" అన్నాను.

"అవి రైతులవి. ఇవి మనవి," అన్నారాయన.

ఈ గొడవ మొదలవక ముందే ఒక చిన్న మాట జరిగింది. నేను దాన్ని మర్చిపోయాను కూడా. మా ఆఫీసు ఊడ్చే అక్క చిన్నతనం నుంచీ కల్లాల్లో తాలు ఏరిన మనిషి. మోకాళ్ళు అరిగాక మా దగ్గర చేరింది. కాంపౌండు వెనకున్న గదిలోనే ఉంటుంది, సర్వర్ గదికీ ఆమె గదికీ మధ్య ఒక్క గోడే. ఒక శనివారం సాయంత్రం చీపురు పక్కన పెట్టి అడిగింది.

"ఆదివారం పూట ఎవరూ లేకుండానే ఆ పెట్టె గుర్రుమంటా ఉంటదేంది మేడం? గోడకవతల నాకు వినపడిద్ది."

"ఇంట్లో కూర్చుని దాంట్లో తాలు ఏరుతుంటానక్కా."

"దీంట్లో కూడా తాలుంటదా?"

"బోలెడు."

"పాపం," అంది. ఎవరిని చూసి పాపమందో నేను అడగలేదు. బస్సు తప్పిపోతుందని పరిగెత్తాను.

ఇక అసలు మనిషి గురించి చెప్పాలి. దర్శి అవతల నుంచి ఏటా సరుకు తెచ్చే ఒక పెద్దావిడ ఉంది. సేద్యమంతా తనదే, మాట పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఆ ఏడు మాత్రం ఆమె ఒకే ఒక్క మూట పట్టుకుని వచ్చింది. అంతకుముందు పంటని నల్ల తామరపురుగు ఊడ్చిపెట్టుకుపోయింది. గట్టు వార నాలుగు మొక్కలు మిగిలితే, వాటి కాయలన్నీ పండబెట్టి, ఎండబెట్టి, విత్తనానికని తెచ్చింది. చిన్న మూటలు మేం తీసుకోం. కానీ ఆమెను కాదనేవాళ్ళు మా ఆఫీసులో లేరు. వివరాలు ఎక్కించేటప్పుడు నేను అడిగాను.

"రకం ఏంటి పెద్దమ్మా?"

"మా కాయ."

"మీ కాయే, రకం పేరు చెప్పండి."

"పేరేముందమ్మా? మా అత్త పోసింది, నేను పోస్తన్నా. మా కాయ. ఎక్కడా దొరకదు."

కంప్యూటర్లో రకం గడి ఖాళీగా వదిలితే ముందుకు పోదు. 'ఇతరాలు' అని నొక్కాను. ఇంట్లో పెడితే పురుగు పడుతుందని భయపడి, ఉన్న విత్తనమంతా మా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది.

ఆషాఢంలో ఒక శనివారం వాన దంచి కొట్టింది. మర్నాడు ఆదివారం. యథాప్రకారం మధ్యాహ్నం ఉయ్యాల బల్ల మీద పని మొదలుపెట్టాను, యథాప్రకారం సగంలో తెర చచ్చింది. సర్వర్ లేచింది కానీ ఈసారి చోట్లు రాసి ఉండే పట్టిక తెరుచుకోలేదు. పాడైపోయిందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. బ్యాకప్ చూద్దామంటే ఈ వారాల్లో తీసినవన్నీ సగంలో తెగిపోయినవే. బుధవారం కూర్చున్నది ఏరడం సాగుతుందో లేదో చూడ్డానికే, నకలు సంగతి ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. నిండుగా ఉన్న చివరి నకలు వేసవిలోది, గదులన్నీ మార్చకముందుది. అది ఉన్నా లేనట్టే.

అప్పుడే మేనేజరు గారి ఫోను. "అమ్మా, దర్శి పెద్దావిడ వచ్చింది. వాన పడింది, నారు పోసుకోవాలి, మూట ఇవ్వమంటంది. ఎక్కడుందో చూసి చెప్పు, మనుషుల్ని పిలిపిస్తా."

బస్సు కోసం ఆగకుండా స్కూటరు తీశాను. వానకి తడిసిన నల్లరేగడి వాసన దారి పొడుగునా నాతో వచ్చింది. ఎప్పుడూ ఎర్రటి దుమ్ములో కనపడే రోడ్డు ఆ రోజు కడిగిన పలకలా ఉంది. అంత అందమైన దారిలో నేను మాత్రం ఏడుపు మొహంతో పోతున్నాను.

పెద్దావిడ ఆఫీసు అరుగు మీద కూర్చుని ఉంది. కాళ్ళకి ఇంకా చేలో బురద. "వచ్చావా అమ్మా. మడి దున్ని ఎరువేసి వచ్చా. పొద్దున్నే పోసెయ్యాల. ఈ పదను దాటితే నారు ఎనకబడిద్ది," అంది.

నాకు అబద్ధం చేతకాదు. ఉన్నది చెప్పాను. మూట లోపలే ఉంది, ఎక్కడుందో తెలియడం లేదు, పట్టిక బాగుపడితే తెలుస్తుంది. బాగుపడకపోతే గదులు ఖాళీ అయ్యేదాకా ఆగాలి.

"అప్పటికి ఈ ఏడు పోయిద్ది. వచ్చే ఏటికి ఆ గింజలో మొలక ఉండిద్దో ఉండదో," అంది ఆమె. అరిచినా బాగుండేది. మామూలుగా అంది.

పట్టికని బాగుచేసే పని, దాన్ని రికవరీ అంటారు, ముందు గదిలో నా బల్ల మీది నుంచే మొదలుపెట్టాను. పావు వంతు నడిచింది. సర్వర్ చచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అంత కూడా నడవలేదు. పెద్దావిడ నా వెనకే నిలబడి చూస్తోంది.

"ఇంకోచోట రాసి పెట్టుకోరా అమ్మా?"

"పెడతాం. బ్యాకప్ అంటారు. ఒకటే సరుకు రెండు చోట్ల దాస్తాం, ఒకటి పోతే రెండోది ఉంటుందని. ఇప్పుడు ఆ రెండోదీ సరిగ్గా లేదు." అక్కడితో ఆగొచ్చు కదా. నా నోరు ఊరుకోదు. "మీరు మాత్రం? ఉన్న విత్తనమంతా తెచ్చి మా నెత్తిన పెట్టారు. ఇంటి దగ్గర గుప్పెడు ఉంచుకోవద్దూ?"

"నిజమేనమ్మా," అని అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. ఆ నిజమే అన్న మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఇక దాని ముఖం చూసి తేల్చుకుందామని సర్వర్ గదికి నడిచాను. అన్ని ఆదివారాల్లో నేను ఆ గది తలుపు తీయడం అదే మొదలు. అక్క తాళంచెవి పట్టుకుని నా వెంట వచ్చింది. లైటు వేశాను.

సర్వర్ మూతికి గుడ్డ కట్టి ఉంది.

అంచు వెలిసిన పాత మంగళగిరి చీర ముక్క. తడిపి, గట్టిగా పిండి, ముందువైపు జల్లెడలాంటి రేకు మొత్తం కప్పేసి, వెనక్కి లాగి అందంగా ముడి వేసి ఉంది. తడి ఆరిపోయి, మిరప దుమ్ము పట్టి అట్టకట్టింది. పైన చెయ్యి పెడితే పొయ్యి మీద పెనంలా కాలింది. ఆ యంత్రం గాలి పీల్చుకునేది ఆ జల్లెడ లోంచే. పని ఎక్కువయ్యేకొద్దీ ఎక్కువ గాలి కావాలి. గాలి అందక, ఒళ్ళు కాగిపోయి, ప్రాణం దక్కించుకోవడానికి తనంతట తనే ఆగిపోతోంది.

"అక్కా, ఏంటిది?"

"గుడ్డ."

"అది కనపడుతోంది. దీనికెందుకు కట్టావు?"

"మీరే చెప్పారుగా మేడం, ఆదివారం దీంట్లో తాలు ఏరతారని. ఏరేటప్పుడు మూతికి గుడ్డ లేకపోతే ఎట్టా? ఘాటు నసాళానికి అంటదూ? శనివారం పోతా పోతా కడతన్నా. సోమారం ఊడ్చేటప్పుడు తీసేస్తన్నా." నా మొహం చూసి ఆమె మొహం పాలిపోయింది. "కట్టకూడదా?"

నాకు ఒళ్ళు మండింది. హైదరాబాదు అబ్బాయి, ర్యామ్, యూపీఎస్, గుమ్మానికి వేలాడుతున్న నిమ్మకాయ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అరవడానికి నోరు తెరిచాను. తీరా చూస్తే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోలేక అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. తాలు అన్నది నేనే. ఆవిడ దానికి తనకు తెలిసిన మర్యాద చేసింది. దిక్కుమాలిన ఇనప్పెట్టె మీద ఇన్నేళ్ళలో నాకు కోపమే తప్ప జాలి కలగలేదు. ఆవిడకి కలిగింది.

"ఇది మూతి తోనే ఊపిరి తీసుకుంటుందక్కా," అన్నాను.

ఆమె ముడి విప్పి, గుడ్డని మడిచి చంకలో పెట్టుకుని, కొంగుతో ఆ జల్లెడ మీద దుమ్మంతా తుడిచింది. తర్వాత చాపా చెంబుడు నీళ్ళూ తెచ్చి గది గుమ్మంలో వేసుకుని కూర్చుంది. పెద్దావిడ కూడా వచ్చి ఆమె పక్కన చేరింది. నేను ఫ్యాను పెట్టి, యంత్రం చల్లబడేదాకా ఆగి, రికవరీ మళ్ళీ మొదలుపెట్టాను.

పావు వంతు దాటింది. గోడల లోపల ఎక్కడో గదుల్ని చల్లబరిచే అమ్మోనియా గొట్టాలు ఉస్సురంటున్నాయి. వెంటిలేటర్ లోంచి సాయంత్రపు ఎండ ఒక ముక్క పడి, అందులో మిరప దుమ్ము ఎర్రగా తేలుతోంది. అంకెలు పైకి జరుగుతున్నాయి. ఎప్పుడు కన్ను అంటుకుందో తెలియదు. కలలో పట్టికలోని వరసలన్నీ ఆడవాళ్ళయ్యారు. చుట్టూ మంచు, మధ్యలో కల్లం, బారు బారుగా కూర్చుని మూతికి గుడ్డలు కట్టుకుని ఏరుతున్నారు. ఎవరికీ మొహాలు లేవు, కళ్ళే ఉన్నాయి. ఒక్కొక్కరినీ అడుగుతున్నాను, ఇతరాలు ఎక్కడండీ, ఇతరాలు ఎక్కడండీ అని. వాళ్ళు చేత్తో ముందుకి చూపిస్తున్నారు. ఆ బారుకి చివర అంటూ లేదు.

భుజం మీద ఎవరో తట్టారు. "మేడం," అంది అక్క, గొంతు తగ్గించి. "ఆగిపోయింది."

గుర్రుమనడం లేదు. గదంతా నిశ్శబ్దం. పెద్దావిడ లేచి నిలబడి ఉంది. తెర వైపు తిరిగాను. యంత్రం చావలేదు. పని అయిపోయి, లోపలి ఫ్యాను రెక్కలు నెమ్మదించి, మామూలుగా ఊపిరి తీసుకుంటోంది. లాట్ నంబరు కొట్టాను. మూడో గది, పై అంతస్తు, వెనక గోడ వార.

మనుషులు వెళ్ళి మూట దించుకొచ్చేసరికి మంచు దానితో పాటు గుమ్మం దాకా వచ్చింది. పెద్దావిడ అక్కడే నేల మీద కూర్చుని దాని మూతి విప్పింది. పొట్టి కాయలు, మెడ దగ్గర చిన్న నొక్కు, నల్లగా అనిపించేంత ఎరుపు. ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు విన్నది. ఆ తర్వాత రెండు చేతులా తీసి నా ఒళ్ళో ఒక దోసెడు పోసింది, అక్క ఒళ్ళో ఒక దోసెడు పోసింది.

"ఏంటి పెద్దమ్మా ఇది?"

"బేకప్పు," అంది. "నువ్వే అన్నావుగా."

నేను వాటి గింజల్ని డాబా మీద పెయింటు డబ్బాల్లో వేశాను. మూడొంతులు ముడత తెగులుకి పోయాయి. అక్క సర్వర్ గది వెనక గోడ వెంట, ఏసీ నీళ్ళు కారే చోట ఎత్తుగా మడి కట్టి వేసింది. ఆ మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఆదివారాలు మళ్ళీ నా ఉయ్యాల బల్ల మీదికి వచ్చాయి. మూతికి ఏమీ లేకుండా సర్వర్ తాలు ఏరుకుంటూ ఉండేది.

ఆ శీతాకాలం తుఫాను వచ్చింది. కాయ ఎర్రబడే వేళకి చేలల్లో రోజుల తరబడి నీళ్ళు నిలబడ్డాయి. పత్తి చెట్టు మీదే మొలకెత్తింది, మిరప వేరుతో సహా కుళ్ళింది. టిక్కీలు వచ్చే నెలల్లో మా ఏసీ వాకిలి సగం కూడా నిండలేదు. ఒకరోజు పెద్దావిడ వచ్చింది. చేతిలో సంచి కూడా లేదు.

"ఈ ఏడు రాసుకోడానికేం లేదమ్మా. మూట మూటంతా పోసేశా. అన్నీ పోయినయ్యి. ఇటు పనుండి వచ్చా, చెప్పి పోదామని," అంది. ఆమె కుర్చీలో కూర్చోలేదు. చెప్పి వెంటనే వెళ్ళిపోవాలని వచ్చిన మనిషిలా గుమ్మం పట్టుకుని నిలబడింది.

నా సొరుగులో డబ్బా మొక్కల కాయలు గుప్పెడున్నాయి. అవి తీసి బల్ల మీద పెట్టేలోపే అక్క చీపురు వదిలేసి లోపలికి పోయింది. వచ్చేటప్పుడు రెండు చేతులతో ఒక మూట పట్టుకుని వచ్చింది. అంచు వెలిసిన మంగళగిరి చీర ముక్క. ఉతికి ఆరేసినట్టుంది, తెల్లగా ఉంది. ముడి మాత్రం అదే ముడి.

పెద్దావిడ ముడి విప్పింది. పొట్టి కాయలు, మెడ దగ్గర నొక్కు. ఒకటి తీసి చెవి దగ్గర ఆడించింది. చాలాసేపు ఆడిస్తూనే ఉంది. కళ్ళు తుడుచుకోకుండానే మా ఇద్దరి వైపు చూసింది.

"మన కాయే," అంది.

అక్క ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. నేను సర్వర్‌లో ఆమె పాత లాట్ తెరిచి, రకం గడిలో 'ఇతరాలు' చెరిపేసి, ఆవిడ ఇప్పుడన్న మాట అన్నట్టే ఎక్కించాను.